చెక్క బీరువాలో పాట

సౌదీలోని ఖోబర్‌లో మా గదిలో ఉండిన చెక్క బీరువాయే నా బాస్ గిటారుకు గొంతు. ఆంప్లిఫయర్‌కు తగిలించకపోతే ఆ గిటారు మూగది. తీగ మీటితే వాయించేవాడి కడుపుకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆంప్లిఫయర్ తెస్తే పక్కింటివాళ్ళు ఊరుకుంటారా? అందుకని మంచం అంచున కూర్చుని, గిటారు తలను బీరువా తలుపుకు గట్టిగా ఆనించి వాయించేవాణ్ణి. బీరువా అంతా మెల్లగా మోగేది. లోపలి చీరలు, పాప గౌన్లు, కంబళ్ళ మధ్య నుంచి ఆ సద్దు మెత్తబడి బయటికొచ్చేది.

మా ఆవిడ తలుపుకు వీపు ఆనించి వెల్లుల్లి వలిచేది. పాప అదే తలుపుకు చెంప ఆనించి మధ్యాహ్నం నిద్రపోయేది. కిటికీకి అతికించిన కాగితంలోంచి పసుపు వెలుతురు, కూలర్ గాలి, ఎక్కడినుంచి వస్తుందో తెలియని సన్నటి దుమ్ము. ఇప్పుడు తలచుకున్నా ఆ ఏళ్ళన్నీ సగం నిద్రలో గడిపినట్టే అనిపిస్తుంది.

మేము కర్నూలు వైపు దూదేకులవాళ్ళం. నమాజు అరబ్బీలో, తగాదా తెలుగులో. మా తాత దూది ఏకే విల్లు 'డుంయ్, డుంయ్' అంటుంటే వింటూ పెరిగాను. ఏసీ టెక్నీషియన్‌గా సౌదీ వచ్చాక, ఒకరోజు తెల్లవాళ్ళుండే కాంపౌండ్‌లో ఒక విల్లాకు రిపేరు కోసం వెళ్ళాను. హాల్లో మూలన గిటారు ఒకటి నిలబెట్టి ఉంది. ఊరికే దాని లావు తీగ మీద వేలు వేశాను. ఓరి నాయనో, మా తాత! 

ఆ విల్లా ఆయన ఇంగ్లండు ఇంజినీరు, శాక్సఫోన్ వాయిస్తాడు. బాస్ వాయించే స్నేహితుడు ఉద్యోగం ముగించి ఎగ్జిట్ మీద తన దేశం వెళ్ళిపోతూ ఆ గిటారు వదిలేశాడట. "ఇంకోసారి మీటు" అన్నాడు. ఏసీ సంగతి ఇద్దరం మరిచిపోయాం. అప్పటినుంచి శుక్రవారం జుమ్మా నమాజు కాగానే ఆ హాలే నాకు బడి. ఒక ఫిలిప్పీన్స్ నర్సు డ్రమ్ములు, ఒక లెబనాన్ పళ్ళ డాక్టరు పియానో. వాళ్ళు వాయించేది జాజ్. పాట అందరూ కలిసి మొదలుపెడతారు, కాసేపటికి ఎవరి దారి వాళ్ళదే. అందరూ ఎటు తిరుగుతున్నా కింద ఒకడు ఆగకుండా నడుస్తూ ఉండాలి. ఆ నడిచేవాణ్ణి నేను. గిటారు నాకే ఇచ్చేశారు.

తర్వాత నితాకత్ చట్టం వచ్చింది. సౌదీవాళ్ళను సరిపడా పెట్టుకోని కంపెనీలు ఎర్ర జాబితాలో పడ్డాయి, మాదీ పడింది. వీసాకు పూచీపడే కొత్త కఫీల్ దొరికి ఆ గండం గడిచింది. ఇంకొన్నేళ్ళకు లెవీ అని ఒక పన్ను. అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కావాలంటే ఇంట్లో తలకు ఇంతని కట్టాలి, అది ఏటేటా పెరుగుతుందన్నారు. మా బిల్డింగు మెట్ల మీద ఎప్పుడు చూసినా ఎవరివో పరుపులు, పిల్లల సైకిళ్ళు. చివరికి మా వంతూ వచ్చింది. అంత కట్టలేం గనక మా ఆవిడా పాపా ఊరికి పోవాలి, నేను ఉండాలి.

నాకు ఒకటే గుబులు. ఆ సద్దు లేకపోతే పాప పడుకోదు. రేపు ఊళ్ళో ఆ పిల్లకు నేను ఏమవుతాను? ఫోన్లో కనబడే మొహం, అంతేనా? పోయేముందు ఇద్దరికీ అసలు సంగీతం వినిపించాలనుకున్నాను, అదైనా గుర్తుంటుందని. ఇంజినీరు గేటు పాసు తీయించాడు. ఆ శుక్రవారం నేను వాయించినట్టు ఎన్నడూ వాయించి ఉండను. పాప మాత్రం చెవులు మూసుకుని కూర్చుంది.

టాక్సీలో మా ఆవిణ్ణి అడిగాను, ఎట్లుందని.

"బాగుండాదిలే. కానీ మన పాట మీద ఎవరెవరో ఎక్కి కూచున్నారు కదయ్యా! నువ్వు యాడుండావో ఎతుక్కోవాల్సొచ్చె."

నవ్వాను గానీ లోపల చివుక్కుమంది. ఇన్నేళ్ళ సాధన ఒక్క మాటతో ఊదిపారేసింది మహాతల్లి. ఇంటికెళ్ళగానే బీరువాకు వీపు ఆనించి కూర్చుని, "ఇప్పుడు కొట్టు" అంది.

వాళ్ళను విమానం ఎక్కించాక బీరువాను పాత సామాన్లవాడు పట్టుకుపోయాడు. నేను బ్యాచిలర్ల గదిలోకి మారాను. అక్కడ అన్నీ ఇనప మంచాలు, ఇనప లాకర్లు. గిటారు ఆనిస్తే రేకు డబ్బాలా గిలగిలమంటాయి.

మొదటి శుక్రవారం మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసింది. వెనకాల పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"పండుకోకుండా సంపుతాండాది. ఫోను కాడ పెట్టి కొట్టు."

ఫోనును గిటారు మీద పెట్టి, బీరువా దగ్గర రోజూ వాయించేదంతా వాయించాను. 

"వినపడిందా?"

"ఏమీ వినపడల్యా. గోరుతో గీకినట్ల టిక్ టిక్ అంటాండాది, అంతే."

అంత లావు స్వరాలను ఫోను మోయలేదు. కరెంటు పని చేసేవాణ్ణి, నాకు తెలిసి ఉండాల్సింది. అయిపోయింది, ఇంక నేను ఆ ఇంట్లో లేను అనుకున్నాను. 

"ఉండు" అంది. ఫోను పక్కన పెట్టిన చప్పుడు. తర్వాత గొంతు బాగా తగ్గించి తనే మొదలుపెట్టింది, "డుం, డుం, డుండుం..." అని. అది శాక్సఫోన్ పాట కాదు, ఆ పాట మా ఆవిడకు రాదు. నేను నడిచిన నడక. ఎక్కడ ఎక్కానో, ఎక్కడ దిగానో, అన్నీ. ఒకచోట నేను ఎప్పుడూ తడబడతాను, అక్కడ తనూ తడబడింది. పాప ఏడుపు వెక్కిళ్ళలోకి దిగింది, తర్వాత అదీ లేదు.

నేను గిటారును ఒళ్ళో పెట్టుకుని, తీగ ముట్టకుండా కూర్చున్నాను. కళ్ళనీళ్ళు కారిపోతున్నాయి.

"నిద్దరపోయె" అంది గుసగుసగా.

"నువ్వు ఆపొద్దు" అన్నాను.