బోరబండలో మాంసం లేని దసరా

పండగంటే మా వైపు కూరలు. పులిహోర, గారెలు, పరమాన్నం ఎవరైనా చేస్తారు, ఇల్లాలి సత్తా తేలేది వాటి పక్కన పెట్టే నాలుగు కూరల్లోనే అని మా అమ్మ గట్టి నమ్మకం. ఆవ పెట్టిన కంద బచ్చలి, అల్లం పచ్చిమిర్చి దంచి వేసిన అరటికాయ, గుత్తి వంకాయ, ముక్కల పులుసు. ఆ పిచ్చి నాకూ పట్టించింది. అందుకే పెళ్లయి బోరబండలో కాపురం పెట్టిన తొలి ఏడాది, దసరా నాడు వీధి వీధంతా మాంసం ఉడుకుతుంటే నోరు తెరిచాను. నేనేం శాకాహారిని కాను. ఆదివారం మటన్ లేకపోతే మా ఆయనకు ముద్ద దిగదు. కానీ నవరాత్రుల్లో, అమ్మవారు పీట మీద కూర్చుని ఉండగా నీసేమిటని నా బాధ. ఆ మాటే మా ఇల్లుగలావిడతో అంటే, "మా అమ్మవారు తింటది బిడ్డా. మీ అమ్మవారికి ఎన్నడన్న పెట్టి చూసిన్రా?" అని నవ్వింది.

అవి తొంభైల చివరి సంవత్సరాలు. మా ఆయన మాదాపూర్ వైపు కొత్తగా లేచిన కంపెనీల్లో ఒకదాంట్లో ప్రోగ్రాములు రాసేవాడు. అక్కడ అప్పటికింకా ఆఫీసుల కన్నా బండరాళ్లే ఎక్కువ. కిరాయి తక్కువని బోరబండలో దిగాం. కింద ఇంటివాళ్లు, మేడ మీద రెండు గదుల్లో మేము. ఇంటాయన ఒకప్పుడు గుట్టల మీద రాయి కొట్టించిన మేస్త్రీ. ఆయన మామూలుగా మాట్లాడితేనే మా గదిలో గిన్నెలు అదిరేవి. ఇల్లుగలావిణ్ణి నేను పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. ఆ 'గారు' తీసెయ్యమని ఆవిడ ఎన్నిసార్లు పోరినా నా నోటికి అలవాటు పోలేదు.

మా రెండో దసరాకు ముందు, బోనాలప్పుడు, పెద్దాయనకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానలో చాన్నాళ్లే ఉంచారు. ఇంటికి పంపుతూ మాంసం పూర్తిగా మానెయ్యమన్నారు, ఉప్పు, నూనె తగ్గించమన్నారు. ఆ తర్వాత మేడ మీదికి ఆయన గొంతు వినబడటం మానేసింది. వరండాలో మంచం మీద ఒక్కడే కూర్చుని తినేవాడు. తినేవాడనడం కూడా ఎక్కువే. సొరకాయ కూరా, పెరుగన్నం కెలికి సగం పళ్లెం వదిలేసేవాడు. ఇంట్లోవాళ్లు లోపలికి పిలిచినా వచ్చి నలుగురిలో కూర్చునేవాడు కాదు. ఆయన వదిలేసిన పళ్లెం చూసి పెద్దమ్మగారు కూడా సగం కడుపుతోనే లేచిపోయేదని ఆవిడ మొహమే చెప్పేది.

సద్దుల బతుకమ్మ మర్నాడు ఆవిడ మెట్లెక్కి వచ్చింది. కొడుకులు, కోడలు, కూతురు, అల్లుడు అందరూ పండక్కి ఇక్కడే ఉంటారట. ఇంట్లో మాంసం వండితే ఆ వాసనకు ఆయన పరేషాన్ అవుతాడు కనుక ఈసారి అసలు వండొద్దని నిశ్చయించుకుందట.

"నువ్వే జర కూరలు చెయ్యాలె బిడ్డా. నీ చేతి కూరలు తింటే ఆయనకు నీసు యాదికి రావొద్దు. దసరా నాడన్న అందరితోని కూసొని తినాలె."

నాకు గర్వం తన్నుకొచ్చింది. దాచుకోవడం నాకు చేతకాదు. ఏం ఫికర్ పెట్టుకోవద్దని ఆవిడ భాషలోనే అభయమిచ్చేశాను. ఆవిడ వెళ్లాక గుర్తొచ్చింది, ఉప్పు తక్కువ, నూనె తక్కువ. నూనె తేలని గుత్తి వంకాయను మా అమ్మ చూస్తే నన్ను వంటింట్లోకి రానిచ్చేది కాదు.

దసరా నాడు పొద్దున్నే ఎర్రగడ్డ బజారుకి వెళ్లి కూరగాయలు తెచ్చాను. లేత వంకాయలు, గుమ్మడి చెక్క, అరటికాయలు, మట్టి వదలని పెద్ద కంద దుంప. నా ధైర్యమంతా ఆ కంద మీదే. ముక్కలు పెద్దవిగా కోసి, పసుపు నీళ్లలో ఉడికించి, అల్లం వెల్లుల్లి, గసగసాలు, ఎండుకొబ్బరి, లవంగం, చెక్క నూరి పెట్టి సన్నసెగ మీద మగ్గిస్తే, కళ్లు మూసుకున్నవాడికి కందో మాంసమో తెలియకూడదు. నా ప్రతాపం అది. వెల్లుల్లిని మాత్రం అమ్మవారికి నైవేద్యం అయ్యేదాకా గుమ్మం అవతలే ఉంచాను. ముక్కల పులుసులో బెల్లం వేస్తుంటే పెద్దమ్మగారు వచ్చి చూసి, ఇది పులుసా పాయసమా అని నిలదీసింది. నేను వినిపించుకోలేదు.

పొద్దు గుంకాక మగవాళ్లు జమ్మి దగ్గరికి వెళ్లొచ్చారు. బంగారమంటూ ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టుకుని ఆలింగనాలు చేసుకున్నారు. వాళ్ల హాల్లో చాప పరిచి వరసగా పళ్లాలు వేశారు. నడుమ పెద్దాయన పళ్లెం. మమ్మల్ని కూడా కూర్చోమన్నారు. నేను గిన్నెలు అందిస్తున్నాను, పెద్దమ్మగారు వడ్డిస్తోంది. పెద్దాయన మాత్రం జమ్మి ఆకు పంచేసి, ఆకలి లేదంటూ వరండాలో మంచం మీదికి చేరాడు. కొడుకు వెళ్లి పిలిచాడు, అల్లుడు వెళ్లి బతిమాలాడు. పక్కిళ్ల నుంచి మసాలా వాసన గుప్పుగుప్పున వస్తోంది. లోపలున్నవాళ్లు తలలు వంచుకుని వంకాయ తింటున్నారు.

నాకు రోషం వచ్చింది. పొద్దుటి నుంచి పొయ్యి దగ్గర నిలబడ్డది ఇందుకా? కంద కూర గిన్నె పట్టుకుని నేనే వరండాలోకి వెళ్లాను. ఒక్క ముక్క రుచి చూడండి, బాగా లేకపోతే ఇంకెప్పుడూ పెట్టనని అన్నాను. ఆయన ముక్క నోట్లో వేసుకుని నెమ్మదిగా నమిలాడు. పెద్దమ్మగారు చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"మంచిగున్నది బిడ్డా. కంద గదా," అన్నాడు. నా ప్రతాపం అక్కడితో సరి. తర్వాత ఆయన చూపు నా మీద నుంచి భార్య మీదికి వెళ్లింది. "తినుడు బందు పెట్టిన్రు, సరే. పెట్టుడు గూడ బందేనా?"

కూతురు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. ఆ ఇంట్లో దసరా నాడు మాంసం కూర గిన్నె నాన్న చేతుల్లోనే ఉండేదట. ఎవరికి ఏ ముక్క ఇష్టమో చూసి ఆయనే అందరికీ వడ్డించి, ఆఖర్న తను కూర్చునేవాడట. మాంసమే లేనప్పుడు వడ్డించడమేమిటనుకుని ఈసారి ఆ సంగతే ఎవరూ ఎత్తలేదు. ఆయనకు ఏ కూర వండాలా అని మేమంతా తలలు బద్దలు కొట్టుకున్నాం గానీ, గరిటె ఆయనకివ్వాలని ఒక్కరికీ తోచలేదు.

నేను గిన్నె ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన లేచి లోపలికి నడిచాడు. వంగొద్దని కొడుకు అడ్డం పడబోతే కంటితోనే పక్కకు జరిపాడు. మొదట అల్లుడి ముందు ఆగి, గరిటెతో గిన్నె అడుగు దాకా వెతికి, అన్నిటికన్నా పెద్ద కంద ముక్క తీసి వేశాడు. "ఇగో, నీ నల్లిబొక్క," అన్నాడు. మూలుగ ఎముకంటే అల్లుడికి ప్రాణమట, ఇల్లంతా నవ్వింది. బోనాల తర్వాత ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు. కొడుకులకు, కోడలికి, కూతురికి, మా ఆయనకు వేస్తూ వచ్చాడు. నన్ను చెయ్యి పట్టి కూర్చోబెట్టి, పొద్దుటి నుంచి వండినదానివి తిన్నావా లేదా అని అడిగి మరీ వడ్డించాడు. పుట్టింటి నుంచి వచ్చాక నాకొకరు కొసరి వడ్డించింది ఆ రోజే. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, మసాలా ఘాటని సర్దుకున్నాను.

అందరికీ అయ్యాక ఆయన తన పళ్లెం ముందుకు వచ్చాడు. కూర్చోలేదు. ఇంకో పళ్లెం తెప్పించి పక్కన వేయించి, పెద్దమ్మగారిని కూర్చోమన్నాడు. ఆవిడ గాభరా పడింది. అందరూ తిన్నాక తింటానంది, అల్లుడు చూస్తున్నాడంది, ఎన్నడూ లేంది ఇదేమిటంది.

"దవాఖానల రోజూ నువ్వు నాకు తినిపించినవు," అన్నాడాయన. "ఇగ కూసో. నువ్వు తింటే నేను తింట."

ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంది. ఆయన అన్నం పెట్టి, నాలుగు కూరలూ ఒక్కొక్కటిగా వేసి, ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా గరిటె పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు ఆవిడ పక్కనే చతికిలబడి పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.