మెర్సీ తీగ

నిద్ర మీద పరిశోధన జరిగే ఆ ల్యాబులో హాయిగా నిద్రపోయేవి చిట్టెలుకలు మాత్రమే. మనుషులకు ఆ భాగ్యం లేదు. హైటెక్ సిటీ అద్దాల మేడలు దాటి కొండాపూర్ వైపు దిగే సందులో, ఒక జిమ్ము పైన ఉంటుంది ఆ ల్యాబు. కింద టీ కొట్టు దగ్గర మెడలో ఐడీ కార్డులు వేలాడేసుకున్న పిల్లలు ఎర్రటి కళ్ళతో నిలబడి ఉంటారు. ఎక్కడో ఇంకో దేశంలో ఎవరికో తెల్లవారుతుందని తమ నిద్ర ధారపోసి వచ్చినవాళ్ళు. అలాంటివాళ్ళ కోసమే పైన ఒక కంచె తీగ ఆకులను ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాలులో నానబెట్టి, అందులోని నిద్ర గుణాన్ని బయటికి లాగే పని చేస్తుంటారు.

ఆ తీగ పేరు తెల్లజుమికి. రోడ్డు పక్క ముళ్ళకంచెల మీద పాకుతుంది. ఆకు నలిపితే ముక్కు మూసుకోవాల్సిందే, అంత కంపు. పువ్వు మాత్రం అందమైనది, చుట్టూ దారాలు పేర్చిన రాఖీలా ఉంటుంది. కాయ చుట్టూ పచ్చటి జాలీ అల్లుకుని ఉంటుంది. ఆ జాలీకీ లేత ఆకులకూ సన్నటి జిగురు నూగు. వాలిన దోమ మళ్ళీ లేవదు. వాసన చూసి ఎవరూ దగ్గరికి రానివ్వని ఈ తీగలో నరాలను నెమ్మదింపజేసే పదార్థాలు ఉన్నాయని సైన్సు చెబుతోంది. కావలసినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇప్పుడు దానికి గౌరవం వచ్చింది.

ఎస్తేరు అక్కడ టెక్నీషియన్. మెదక్ వైపు మనిషి, యాభై దాటింది. ఆకులు కడగడం దగ్గర్నుంచి చివర సీసా అడుగున మిగిలే ముదురు పచ్చటి ముద్దను గీకి తీసేదాకా అన్నీ ఆమె చేతి మీదుగా జరగాల్సిందే. చెయ్యి మంచిదని అందరూ అంటారు. ఏడాదిపైగా ఆమె కంటి మీద కునుకు లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

దానికి కారణం ఒక పేరు.

ఆ ల్యాబులో ఒక అలవాటుంది. ఒకే జాతి తీగ అయినా ఒక్కో నేలలో ఒక్కో గుణంతో పెరుగుతుంది కాబట్టి, ఎక్కడ కోసుకొచ్చిన ఆకును ఆ ఊరి పేరుతోనే పిలుస్తారు. నర్సాపూర్, వికారాబాద్, శంకరపల్లి. కాగితాల మీద ఏవో నంబర్లుంటాయి గాని నోటికి వచ్చేవి ఊళ్ళే. "నర్సాపూర్ ఎండిందా?" "వికారాబాద్ మాడిపోయింది." కొత్తవాళ్ళు వింటే భయపడి పారిపోతారు.

ఒక్కదానికి మాత్రం ఊరి పేరు లేదు. దాని పేరు మెర్సీ.

ఆకులు సేకరించే పని అప్పట్లో ప్రేమ్ కుమార్‌ది. ఎస్తేరు భర్తే. ఒకసారి సంచి నిండా తీగ కొమ్మలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎక్కడివని అడిగితే, "మెర్సీ అని పెట్టుండ్రి" అన్నాడట. అందరూ నవ్వారు. ఏ హాస్పిటల్ పక్కదో, ఏ స్కూలు గోడ మీదదో అనుకుని అదే పేరు పెట్టేశారు. తర్వాత చూస్తే, మిగతా ఊళ్ళన్నీ ఒక ఎత్తు, మెర్సీ ఒక ఎత్తు. దాని సారం నాలుగు చుక్కలు తాగిన ఎలుకలు వణుకూ ఉలికిపాటూ లేకుండా, వేళ్ళు ముడుచుకుని, పొట్టలు మెల్లగా ఎగసిపడుతూ పడుకునేవి. ఆయన ఇంకో రెండు మూడు సంచులు తెచ్చాడు. అడిగినప్పుడల్లా, "నేనే తెస్త గద, మీకెందుకు ఫికర్" అనేవాడు. పోయినేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి, ల్యాబు మెట్ల మీద గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. మెదక్ దగ్గర వాళ్ళ ఊళ్ళో, అన్నదమ్ముల పక్కన మట్టి చేశారు.

దినం అయిపోయి ఎస్తేరు పనిలోకి వచ్చిన రోజునే, ల్యాబు డ్రైవరు తిరుపతి ఓదార్పుగా మాట్లాడబోయి నోరు జారాడు.

"అన్న ఎంత మంచోడక్కా! శనివారం శనివారం బాలానగర్ చౌరస్తాల దింపుమనేటోడు. ఏడికే అన్నా అంటే, మెర్సీ కాడికి అనేటోడు."

"మెర్సీ ఎవరు?"

తిరుపతి మొహం పాలిపోయింది. "నాకు తెల్వదక్కా. మీ చుట్టాలనుకున్న."

వాళ్ళకు ఆ పేరు గల చుట్టాలు లేరు. ఉన్న చుట్టాల పేర్లన్నీ ఎస్తేరు ఆ రోజే మనసులో వరసపెట్టి తిరగేసింది. శనివారాలు ఆయన చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. చొక్కాకు ఆ తీగ కంపు ఉండేది. అడవిలో ఆకు కోసే మనిషి దగ్గర ఆకు వాసన కాక ఇంకేం వస్తుందని ఆమె ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామంటే మనిషి లేడు.

అప్పట్నుంచి మెర్సీ ఆమెను పట్టుకుంది. ల్యాబులో రోజూ అదే పేరు. పరిశోధనకు పెద్ద అయిన రోహిణి మేడం భీమవరం మనిషి, మాట నెమ్మది. ఆమెకు పాపం ఏమీ తెలియదు. "ఎస్తేరు గారూ, మెర్సీ ఇంకెంత మిగిలిందండీ?" అని అడిగేది. "మెర్సీని పాడవనివ్వకండి, మళ్ళీ దొరకదు" అనేది. ఎస్తేరు తలాడించేది. తన మొగుణ్ణి పంచుకున్న ఆడదాని పేరు తన నోటితోనే పలుకుతూ, దాని ఆకులు తన చేత్తోనే జాగ్రత్త చెయ్యడం! ఇంతకంటే నరకం ఇంకేం కావాలి?

ప్రగతి నగర్‌లో వాళ్ళుండే రెండు గదుల ఇంట్లోనూ అది వదల్లేదు. బీరువా తెరిస్తే తీగ కంపు. ఆయన చొక్కాలు ఉతికి ఆరేసినా, నీళ్ళు కారే గుడ్డ మీద నుంచి అదే కంపు. అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరో కూర్చున్నట్టుండేది. మనిషి కాదు, ఒట్టి పేరు. ఎస్తేరు ఆ పేరుకు రకరకాల ముఖాలు పెట్టి చూసుకునేది. తెల్లటి ముఖం, నల్లటి ముఖం, తనకంటే చిన్నది. పిల్లల తల్లి. అక్కడికి వచ్చేసరికి ఆమె ఆగిపోయేది.

ఎందుకంటే వాళ్ళకు పిల్లలు లేరు. ఒక్క కాన్పు అయింది, చాలా ఏళ్ళ కింద. నెలలు నిండి, దవాఖానలో, ప్రాణం లేకుండా పుట్టింది. ఆడపిల్ల. ప్రేమ్ కుమార్ టవల్లో చుట్టుకుని మంచం దగ్గరికి తెచ్చి, "ఒక్కసారి చూస్తవా?" అని అడిగాడు. ఎస్తేరు గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన ఒక్కడే ఎత్తుకుని పోయాడు. ఎక్కడ పెట్టాడో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ తర్వాత వాళ్ళింట్లో ఆ మాట ఎత్తినవాళ్ళు లేరు. అలా ఉంటేనే బతకగలమని ఇద్దరూ ఒప్పందం రాసుకున్నట్టే గడిపారు.

ఈ ఏడు మార్చి వచ్చేసరికి మెర్సీ పొట్లం ఒకే ఒక్కటి మిగిలింది. అది కూడా అయిపోతే పని ఆగిపోతుందని రోహిణి మేడం కంగారు పడింది. ల్యాబులో ప్రతి తీగదీ ఒక కొమ్మను కడక్కుండా, వచ్చింది వచ్చినట్టే అట్ట మీద అంటించి దాచుతారు. మెర్సీ అట్ట తీయించి, కిటికీ దగ్గర పెట్టి భూతద్దంతో చూడసాగింది.

"ఈ తెల్ల మచ్చలు బూజు అనుకున్నామండీ ఇన్నాళ్ళూ. చూడండి, బూజు ఇలా గడ్డలు గడ్డలుగా ఉంటుందా?"

మచ్చ మీద ఒక చుక్క యాసిడ్ వేసింది. బుసబుసమని నురగ వచ్చింది.

"సున్నం! జిగురు నూగుకి అతుక్కుపోయి ఉండిపోయింది. ఏదో ఇంటి గోడ పక్కన పెరిగిన తీగండీ ఇది."

ఎస్తేరు భూతద్దం తీసుకుంది. తెల్లటి చుక్కల్లో లేత నీలం. ఆమె చిన్నప్పుడు నాన్నతో కలిసి కలిపిన సున్నమే అది, మరీ తెల్లగా మెరవాలని నీలిమందు పొట్లం విప్పి వేసిన సున్నం. ఈ రోజుల్లో హైదరాబాదులో ఇంటికి సున్నం ఎవరు వేస్తున్నారు? అందరివీ రంగులే. వాళ్ళవాళ్ళు ఇంకా సున్నం, నీలిమందు కలిపి పూసేది ఒక్కచోటే. ఈస్టరుకు ముందు, సమాధులకు.

భూతద్దం బల్ల మీద పెట్టేసింది. శనివారాలు ఆయన దిగేది బాలానగర్.

"మేడం, నేను ఇయ్యాల జల్ది పోత" అంది.

"ఒంట్లో బాలేదా అండీ?"

"తీగ ఏడున్నదో తెలిసినట్టుంది."

రోహిణి మేడం ముఖం వెలిగిపోయింది. "అయితే వేళ్ళతో సహా తవ్వించుకు రండి! మొక్క మొత్తం మన దగ్గరుంటే ఇంక బెంగ లేదు."

బాలానగర్‌లో లేతు మిషన్ల రొద దాటి, ఇనుప రజను పడి ఎర్రబడిన సందు చివర పాత క్రైస్తవ శ్మశానం ఉంది. పట్టపగలు. ఈస్టరు దగ్గర పడుతోందని అక్కడక్కడ బకెట్లు, కుంచెలు. కాపలా ముసలాయన పెంటయ్య ఒక గట్టు మీద కూర్చుని సున్నం కలుపుతున్నాడు. ఎవరిని అడగాలో, ఏమని అడగాలో ఎస్తేరుకు తెలియలేదు. అడగాల్సిన పని పడలేదు. గాలికి ఆ కంపు వచ్చింది. దాని వెంటే నడిచింది.

గోడ వారగా పెద్ద సమాధుల మధ్య ఒక చిన్న సిమెంటు గట్టు. మీద తెల్లజుమికి దట్టంగా కమ్ముకుని ఉంది. పువ్వులు, జాలీలో పండిన కాయలు. కింద అంచున తీగ అందనిచ్చినంత మేర కొత్తగా వేసిన సున్నం, ఇంకా తడి ఆరలేదు.

ఏడాదిపైగా లేని మనిషి ఈ సున్నం ఎలా వేశాడు?

"ఆ తీగ తెంపకమ్మా" అని వెనక నుంచి పెంటయ్య కేకేశాడు. బకెట్టు పట్టుకుని వచ్చాడు. "అది ప్రేమ్ సారుది. నువ్వెవరవు? సారు వస్తలేడేంది, మంచిగున్నడా?"

ఎస్తేరు తీగ మీంచి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"శనివారం శనివారం వస్తుండె. తీగ సాఫ్ చేస్తుండె. దానంతటదే మొలిచిందమ్మా, పీకేస్తనంటే వద్దన్నడు. బిడ్డకు నీడుంటది అన్నడు. కత్తిరించిన కొమ్మలు గూడ పారెయ్యకపోతుండె. పారెయ్య మనసొప్పుత లేదు పెంటయ్యా, అనుకుంట సంచిల పెట్టుకొని పోతుండె."

"సున్నం... ఎవరు ఏసిండ్రు?"

"నేనే. సారు చెప్పిండు. ఒగవేళ నేను రాకున్నా ఈస్టరుకు నువ్వు ఏస్తుండు, నీలిమందు మర్వకు అన్నడు. వాళ్ళమ్మ ఏదో ఒకనాడు వస్తదట. ఆమె వచ్చిన దినం సమాధి మాసి ఉండొద్దన్నడు. ఎప్పుడొస్తదని అడిగితే, తెల్వదు అన్నడు. గందుకే మానకుంట ఏస్తున్న." ముసలాయన ఆమె ముఖంలోకి చూశాడు. చూసి, బకెట్టు కింద పెట్టి అవతలికి పోయాడు.

ఎస్తేరు మోకాళ్ళ మీద కూర్చుని తీగను రెండు చేతులతో పక్కకు తీసింది. జిగురు వేళ్ళకు అంటుకుంది. ఎప్పుడో తడి సిమెంటు మీద వేలితోనో పుల్లతోనో రాసి, ఆరబెట్టిన అక్షరాలు వంకరగా ఉన్నాయి. ఆయన చేతిరాతే. మెర్సీ.

తాను తిరిగి చూడని బిడ్డకు ఆయన ఒక్కడే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు భార్య ముందు ఎత్తలేక పదిమందిలో పలికించుకోవడానికి ల్యాబు బల్ల మీద పెట్టాడు. అందరూ రోజుకు పదిసార్లు ఆ పిల్లను పేరు పెట్టి పిలుస్తుంటే విని ఉంటాడు. అదే పేరును ఆమె ఏడాదిపైగా తిట్టుకుంది. ఎస్తేరు ఆ చిన్న గట్టు మీద తల పెట్టి గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. లేతు మిషన్ల రొదలో ఎవరికీ వినపడలేదు. లేచేసరికి ఆమె చెంపకు సున్నం అంటి ఉంది.

మరునాడు ఆమె సంచితో ల్యాబుకు వచ్చింది. రోహిణి మేడం ఎదురొచ్చి సంచిలో చెయ్యి పెట్టి చూసింది.

"కొమ్మలే ఉన్నాయేమిటండీ? వేళ్ళేవి?"

"వేళ్ళు తియ్యనియ్య మేడం. ఎవ్వరొచ్చినా తియ్యనియ్య. శనివారం శనివారం నేను సాఫ్ చేసి కొమ్మలు తెస్త. గింజలు గూడ తెచ్చిన, మన కుండీలల్ల మొలకేసుకుందం."

ఎస్తేరు అంత గట్టిగా మాట్లాడటం రోహిణి మేడం ఎన్నడూ వినలేదు. మెల్లగా అడిగింది. "ఎక్కడుందండీ ఆ తీగ? అసలు ఈ మెర్సీ ఎవరు?"

ఎస్తేరు సంచిలోంచి ఒక కొమ్మ తీసింది. ఆకుల నూగు మీద కొత్త సున్నం చుక్కలు నీలంగా ఉన్నాయి. వాటిని కడగడానికి తొట్టి మీద కుళాయి తిప్పి, కొమ్మను నీళ్ళలో పెట్టకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"నా బిడ్డ మేడం" అంది.