ఒక్క మెరుపులో అమ్మ

నిరుడు ఈ హిందీ ఊళ్ళో, బర్మామైన్స్ అనే పేటలోని మా వంటింట్లో అమ్మ వంకాయ ఎండురొయ్యల కూర వండుతుంటే యూట్యూబ్ కోసం వీడియో తీశాను. కిటికీ లేని గది, గుడ్డి బల్బు. పక్కింటివాళ్ళు ఆరకుండా వెలిగే ఎల్‌ఈడీ లైటు ఇస్తామన్నారు. అరువు కెమెరాతోపాటు ఫ్లాష్ వచ్చింది కదా అని నేనే వద్దన్నాను. దాన్ని నొక్కుతూ ఉండమని మావారికిచ్చాను. ఒకసారి మెరిసిందో లేదో, "సాలు బాబూ, కళ్ళు సెదురుతున్నాయి" అంది అమ్మ. సరే, బల్బు చాల్లే అనుకున్నాను. కూర దించగానే తినడానికి కూర్చున్నాం. తీసింది చూసుకోనేలేదు.

నెల తిరక్కుండానే గుండెపోటుతో అమ్మ పోయింది. పదకొండో రోజున చుట్టాలందరి ముందూ ఆ వీడియో టీవీలో పెట్టాను. తెరంతా నలుపు. అమ్మ మాటలు మాత్రం వినబడుతున్నాయి.

"టీవీ పాడైపోనాదేటే?" అంది పిన్ని.

అంతలో ఫ్లాష్ మెరిసింది. అమ్మ నవ్వుతోంది!

"నానీ దిఖ్ గయీ!" అమ్మమ్మ కనిపించిందంటూ మా పాప అరిచేలోగా మళ్ళీ చీకటి. అందరి ముందూ కూలబడి ఏడ్చాను.

ఆ మెరుపు ఎక్కడొస్తుందో నాకిప్పుడు కంఠతా వచ్చు. అక్కడ ఆపితే అమ్మ ముఖం నిలుస్తుంది, మాట ఆగిపోతుంది. వదిలేస్తే మాట్లాడుతూనే ఉంటుంది, కనబడదు.