నేను టైపు చేయని పేరు

మొన్న ఆదివారం బెంగళూరు కుందలహళ్ళిలో మా మనవరాలి అద్దె ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఆ పిల్ల చెవికేదో తగిలించుకుని ఆఫీసు వాళ్లతో మాట్లాడుతూ ఒకటికి పదిసార్లు డెడ్‌లాక్, డెడ్‌లాక్ అంటోంది. మాటలయ్యాక, ఏమే, మీ ఆఫీసులోనూ సమ్మెనా అని అడిగితే పకపకా నవ్వింది. "సమ్మె కాదవ్వా, రెండు ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి వెయిట్ చేస్తూ స్టక్ అయిపోతాయి. ఒకదాన్ని కిల్ చేస్తే రెండోది నడుస్తుంది, సింపుల్" అంది. సింపులేనట! ఆ మాట నేను వినాల్సి వచ్చిన రోజులకు యాభై ఏళ్లు కావస్తోంది, అయినా చేతిలోని చిక్కుడుకాయను ఈనె తీయకుండానే గిన్నెలో వేసేశాను.

మా తరం వాళ్లకైతే చెప్పగానే అర్థమవుతుంది. షార్ట్‌హ్యాండూ టైపూ రెండూ హయ్యర్ పాసై, ఇరవై రెండో ఏట ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో స్టెనోగా చేరాను. అదే ఫ్యాక్టరీలో మా అన్న లేతు మిషన్ మీద పనిచేసేవాడు. నాయన పోయాక నన్ను చదివించిందీ, ఆ ఉద్యోగానికి అర్జీ పెట్టించిందీ వాడే. ఇదే బెంగళూరు పక్కన యలహంక పాతూళ్లో రెండు గదుల ఇల్లు, అందులో అమ్మ, అన్న, వదిన, నేను. ఇంటిల్లిపాదిలో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే అని కాస్త గర్వం కూడా ఉండేది, దాచుకోవడమెందుకు.

సమ్మె మొదలయ్యాక ఆ గర్వమంతా ఎటు పోయిందో తెలియదు. కార్మికులంతా గేటు బయట, ఆఫీసు వాళ్లం లోపల. కిటికీలకు ఇనుప జాలీ బిగించిన బస్సులో మమ్మల్ని లోపలికి తీసుకుపోయేవారు. గేటు దగ్గర కేకలు వేసే గుంపులో అందరికన్నా ముందు మా అన్నే ఉండేవాడు, యూనియన్‌లో వాడంత మాటకారి ఇంకొకడు లేడు. బస్సు దగ్గరకొచ్చేసరికి వాడు మొహం పక్కకు తిప్పుకునేవాడు, నేను తల ఒళ్లోకి వంచేసుకునేదాన్ని. ఒకనాడు రాయి వచ్చి జాలీకి తగిలి నా పక్కనున్నామె చీర మీద మట్టి రాలింది. ఎవరు విసిరారో నేను చూడలేదు. చూడాల్సి వస్తుందన్న భయంతోనే కళ్లు గట్టిగా మూసుకున్నాను.

చర్చలు జరిగిన ప్రతిసారీ మా ఆఫీసరు పైవాళ్లకు పంపే ఉత్తరం నాకు చెప్పి రాయించేవారు. మొదట్లో అన్నిట్లోనూ డెడ్‌లాక్ అని ఉండేది, పోనుపోను స్టేల్‌మేట్ అనడం మొదలుపెట్టారు. రెండూ ఒకటే కదా సార్ అని ఒకసారి నోరు జారి అడిగాను. ఆయన చదరంగం ఆడే మనిషి. డెడ్‌లాక్ అంటే ఇద్దరూ పట్టు విడవకపోవడమనీ, ఎవరో ఒకరు విడిస్తే అది తెగుతుందనీ, స్టేల్‌మేట్ అంటే ఎత్తు వేయడానికే చోటు లేక ఆట అక్కడితో ఆగిపోవడమనీ ఓపిగ్గా చెప్పారు. ఆ ఓపికతోనే మూడో మాట కూడా నేర్పారు, ఎట్ ఆర్మ్స్ లెంగ్త్ అని. మనిషిని చేయి చాచినంత దూరంలో నిలబెట్టి, దగ్గరికి రానివ్వకపోవడమట. మీ అన్నను అలా ఉంచమ్మా, లేకపోతే నీ కుర్చీ గురించి నేనేమీ చెప్పలేను అన్నారు. మెత్తగా మాట్లాడి బెదిరించేవాళ్లంటే నాకు ఇప్పటికీ వణుకే.

రెండు గదుల ఇంట్లో చేయి చాచినంత దూరం ఎక్కణ్ణుంచి తెచ్చేది? అన్న వసారాలో తినేవాడు, నేను వంటింట్లో. నేనేదైనా చెప్పేస్తానేమోనని నాకు భయం, నన్నేదైనా అడిగేస్తానేమోనని వాడికి భయం. "ఒగ కడుపున పుట్టినోళ్లప్పా మీరు! ఎడమొగం పెడమొగం ఏందిది?" అని అమ్మ తల కొట్టుకునేది. వదినకు అప్పుడు తొమ్మిదో నెల.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున ఆఫీసరు గది తలుపు వేసి, తన చేత్తో రాసిన కాగితం ఒకటి నా ముందు పెట్టారు. పనిలోంచి తీసేయబోయే వాళ్ల జాబితా. మూడు కార్బన్లు పెట్టి కొట్టుకు రమ్మన్నారు. చదివాను. ఎనిమిదో పేరు మా అన్నది. నా సీటుకు తిరిగొచ్చి కాగితాలు మిషన్‌కు ఎక్కించాను. ఏడో పేరు కొట్టాను. ఎనిమిదో అంకె కొట్టి, దాని పక్కన తొమ్మిదో మనిషి పేరు కొట్టేశాను, ఇక చివరిదాకా ఒక్కో అంకె తగ్గించుకుంటూ పోయాను. ఆలోచించి చేశానని చెప్పుకోలేను, వదిన కడుపొక్కటే కళ్ల ముందుంది. బయట కారు ఎదురు చూస్తుంటే ఆఫీసరు చదవకుండానే నాలుగు కాగితాల మీదా సంతకం పెట్టేశారు. ఆయన రాతకాగితాన్ని టిఫిన్ క్యారియర్ అడుగు గిన్నెలో దాచి ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశాను.

ఆ తర్వాత రెండు రోజులకే సమ్మె విరిగింది. జాబితాలో ఉన్నవాళ్లను తప్ప అందర్నీ వెనక్కి తీసుకునేలా ఒప్పందం అయింది. ఆఫీసరు ఒక సాయంత్రం నన్ను కళ్లద్దాల పైనుంచి చాలాసేపు చూశారు. మళ్లీ ఫైల్లోకి తల వంచేశారు. ఆ కాగితం మీద ఆయన సంతకం ఉంది కదా, తప్పు బయటపెడితే ముందు ఆయనకే ముప్పు. అయినా ఆయన గంట మోగినప్పుడల్లా ఈ రోజుతో నా ఉద్యోగం సరి అనుకునేదాన్ని.

పోనీ, అన్న బతికిపోయాడనుకున్నాను, పిచ్చిదాన్ని. గేటు దగ్గర అందరికన్నా గట్టిగా అరిచినవాడి పేరు జాబితాలో లేదు, వాడి చెల్లెలేమో ఆఫీసులో ఉంది, ఇంకేం కావాలి లోకానికి? అన్నతో ఒకే కంచంలో తిన్న స్నేహితుడు, జాబితాలో ఉన్నవాడు, మా గడప ముందుకొచ్చి "చెల్లెల్ని లోపల పెట్టి మమ్మల్ని అమ్మేస్తివి కదప్పా" అనేసి వెళ్లిపోయాడు. తలుపు వెనక గడియ పట్టుకుని నేను నిలబడే ఉన్నాను. నోరు తెరిస్తే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. అన్న లోపలికొచ్చి, "పాపా, నా గురించి నువ్వేమైనా చెప్పినావా వాళ్లకి?" అని ఒక్కసారి అడిగాడు. లేదన్నా అన్నాను. అది అబద్ధం కాదు, కానీ నిజమూ చెప్పలేదు. వాడు మళ్లీ అడగలేదు. రిటైరయ్యేదాకా క్యాంటీన్లో వాడి బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు, ఆ తోటి కార్మికుల పిల్లల పెళ్లిళ్లకు మా ఇంటికి శుభలేఖ రాలేదు.

ఆ ఫ్యాక్టరీ ఉన్నచోట ఇప్పుడు ఇరవై అంతస్తుల ఇళ్లు లేచాయి. మా మనవరాలి స్నేహితులను పనిలోంచి తీసేస్తే ఫోనుకో ఉత్తరం వస్తుందట, పక్క కుర్చీలో వాళ్లకు కూడా తెలియదట. ఒకరికోసం ఒకరు గేటు ముందు ఎండలో నిలబడటం వీళ్లకు తెలియదు. అంత దగ్గరగా ఉన్నవాళ్లం కాబట్టే మా కాలంలో ఒక మనిషిని వెలివేస్తే అంత నొప్పి ఉండేదేమో.

అన్న ఎనభైకి దగ్గరపడ్డాడు. యలహంకలో పొద్దున పార్కుకు వెళ్తే, ఆనాటి వాళ్లలో మిగిలిన నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని ఉంటారు, వీడు తలవంచుకుని వాళ్లను దాటి పోతాడు. దీన్ని రాసి పత్రికకు పంపుతున్నాను. అన్న చదువుతాడు. ఇన్నేళ్లూ ఎట్లా ఊరుకున్నావు పాపా అంటే, భయపడ్డాను అన్నది ఒక జవాబా? అయినా అడగనీ. అయ్యా, ఆ బెంచీ మీద కూర్చునే మీలో ఎవరి కంటనైనా ఇది పడితే, ఎనిమిదో పేరు మా అన్నదే, దాన్ని వదిలేసింది నేను, వాడికి ఈనాటికీ తెలియదు. రేపు పొద్దున వాడు మీ ముందునుంచి పోతుంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.