కాలు జారలేదు

మా మేస్త్రి పోయాడు. ఆదోనిలో కొత్తగా లేస్తున్న ఒక అంగళ్ల కాంప్లెక్సుకు బయటి గోడ పూస్తూ, రెండో అంతస్తు ఎత్తున పరంజా మీంచి పడ్డాడు. మా ఎమ్మిగనూరుకు కబురొచ్చేసరికే ప్రాణం లేదు. "కాలు జారింది" అన్నాడు కాంట్రాక్టరు. అందరూ ఆ మాటే పట్టుకున్నారు. చావుకొచ్చినవాళ్లు కూడా "పాపం, వయసయింది, చూసుకోలేదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆయన దగ్గర తొమ్మిదేళ్లు పని నేర్చుకున్నవాణ్ణి. ఆయన చూసుకోకపోవడమేమిటి?

ఆయన చూసుకునే తీరు మీకు తెలియాలంటే ఒక సినిమా గురించి చెప్పాలి. ఆయన కూతురు ఆయన ఫోనులో ఎక్కించిచ్చిన పాత మూగ సినిమా. నలుపూ తెలుపూ, పావుగంట కూడా ఉండదు. ఇద్దరు తిక్క మనుషులు ఒక ఇంటికి సున్నం వేయడానికి వస్తారు. నిచ్చెన జారుతుంది, చెక్క ఎగిరి మూతికి తగులుతుంది, ఒకడు పైనుంచి దబ్బున పడతాడు. పనిలో కొత్తగా చేరిన ప్రతివాడికీ మధ్యాహ్నం రొట్టె తిన్నాక అది చూపించేవాడు. మేము పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లం. ఆయన మాత్రం ఇంటి యజమాని నెత్తిన సున్నం బకెట్టు పడే చోట తప్ప ఎక్కడా నవ్వేవాడు కాదు.

"నగినారు కదప్పా? ఇప్పుడు మళ్లా సూడండి. తప్పు యాడుందో సెప్పండి" అనేవాడు.

నిచ్చెన కింద తడి ఉందన్నాను నేను. చెక్కకు కట్టు లేదన్నాను. ఇంకా ఏముందన్నాడు. నేను సినిమా మళ్లీ మొదటికి తిప్పాను.

"నిచ్చెన పెట్టినోడు యాడికి పోయినాడు? పడినోన్ని సూసి నగుతారు గానీ పెట్టినోన్ని ఎవురూ సూడరు. ఇంగోటి ఇను. సినిమాలో పడినోడు లేసి టోపీ దులుపుకుంటాడు. మనం లేయలేం."

అందుకే పరంజాకు తాను కట్టిన ప్రతి ముడికీ పొద్దున్నే తన బరువంతా వేసి వేలాడి చూసేవాడు. లుంగీతో ఎక్కితే తిట్టేవాడు. ఫోను మాట్లాడుతూ ఎక్కితే రెండు రోజులు పనికి రానిచ్చేవాడు కాదు. చాదస్తమని వెనకాల ఎగతాళి చేసేవాళ్లం. అట్లా ఎగతాళి చేసిన మా అందరి కాళ్లూ చేతులూ ఈరోజు సరిగ్గా ఉన్నాయి.

ఆదోనిలో ఆ పరంజా ఆయన కట్టింది కాదు. కాంట్రాక్టరు వేరేవాళ్లతో, ఎక్కడో వాడి పడేసిన పాత తాళ్లతో కట్టించాడు. ఆ పొద్దున మేస్త్రి నాకు ఫోన్ చేశాడు.

"తాళ్లు సీకిపోయినాయప్పా. మార్చమని రెండు దినాల నుంచి మొత్తుకుంటాండా. 'నువ్వు ఎక్కకుంటే ఇంగొకడు ఎక్కుతాడు' అంటాండాడు కాంట్రాక్టరు."

"ఎక్కద్దన్నా" అన్నాను.

"నేను కాదంటే మనోళ్లను ఎక్కిస్తాడు. వాళ్లను కింద నిలబెట్టి నేనొక్కన్నే ఎక్కుతాండా. ఆ మూల పూస్తే అయిపోతాది."

"జాగర్తన్నా" అన్నాను. అంతే. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి గంట కూడా పట్టదు. బండి తీసి ఉంటే నలుగురం కలిసి ఆయన్ను దింపి ఉండొచ్చు. నేను నా పనికి పోయాను. కాంట్రాక్టరు మీద ఎంత కోపముందో నా మీదా అంతే ఉంది. దాచుకోవడమెందుకు, ఆయన మీద కూడా ఉంది. తన చేత్తో వేసిన ముడినే నమ్మని మనిషి, ఎవరో వేసిన ముడి మీద ఎందుకు కాలు పెట్టాలి?

మూడో దినం కార్యం అయ్యాక ఆదోనికి పోయాను. అక్కడ పని అప్పుడే మళ్లీ మొదలైంది. కాంట్రాక్టరు ఎదురొచ్చి, "ఏం చేస్తామప్పా, కాలు జారె" అన్నాడు.

నేను తలెత్తి పరంజా చూశాను. కింది నుంచి పైదాకా ఒక్క పాత తాడు లేదు. ప్రతి ముడికీ కొత్త నైలాను తాడు, ఆకుపచ్చది, ఒక్కోచోట రెండేసి కట్లు, ఎండకు తళతళా మెరుస్తోంది.