జమ్ము దీవి మీద చెప్పిన మాట

మా వీధి చివరి కాలవలో పెరిగిన జమ్ము కోసి గట్టున కుప్ప పోశారు. ఆ పచ్చి వాసన నరసాపురంలోని నా లేసు కొట్టు దాకా వస్తోంది. పనిలో కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆ వాసనకు సుభద్రమ్మగారు గుర్తొస్తారు, ఆవిడతో పాటు ఆవిడ చేసిన అవమానమూ.

నాకు లేసు అల్లిక నేర్పింది ఆవిడే. ఏళ్ల తరబడి ఆవిడ కొట్లోనే పనిచేశాను. నెమలి పింఛం నమూనా నేను సొంతంగా అల్లితే, విదేశీ వ్యాపారుల ముందు "మా కొట్టు డిజైన్" అన్నారు. నేను పక్కనే ఉన్నాను. వాళ్లు వెళ్లాక, "నా పేరు చెప్పొచ్చు కదండీ" అన్నాను. "పేరుతో ఏంటే పని? ఆ దారం అందుకో" అన్నారు. ఆ పేరు ఆవిడ నోట చెప్పించాలని ఆనాడే పట్టుబట్టాను. వీలు చిక్కినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

పెరూలో చేతిపనుల ప్రదర్శనకు వెళుతూ ఆవిడ నన్నూ తీసుకెళ్లారు. అది ముగిశాక టిటికాకా సరస్సుకు వెళ్లాం. అక్కడ కొందరు మన జమ్ములాంటి గడ్డిని నీళ్ల మీద పొరలుగా పరిచి, తమ చేతులతో కట్టుకున్న ఆ దీవుల మీదే కాపురాలు చేస్తారు. అడుగు వేస్తే తడిసిన పరుపులా దిగబడింది. నాకు ఒక్కచోట నిలవబుద్ధి కాలేదు.

మమ్మల్ని కూర్చోబెట్టిన ముసలావిడ నవ్వుతూ పెద్ద రంపం చూపించింది. ఇళ్ల మధ్య గొడవ ముదిరితే దీవిని కోసుకుని వేరుపడతారట. గైడు ఇంగ్లీషులో చెప్పాడు.

"మనకీ ఒకటి కావాలండీ," అన్నాను.

"విమానంలో ఎక్కనివ్వరు. అయినా నీ నాలుక ఉందిగా," అన్నారు సుభద్రమ్మగారు.

ఇంతలో ముసలావిడ సుభద్రమ్మగారి భుజం మీది లేసు శాలువా తడిమి చూసింది. అదే నెమలి పింఛం. ఎవరు అల్లారని గైడు అడిగాడు. సుభద్రమ్మగారు నా జబ్బ పట్టుకుని ముందుకు లాగి, తెలుగులోనే అనేశారు: "ఇదిగో, మా పద్మ. దీని బుర్రలో పుట్టిందే. నాకు రాదు."

ముసలావిడ నా వేళ్లు పట్టుకుని చూసింది. నాకు ఒళ్లు మండింది. పడవ ఎక్కగానే అడిగాను.

"ఇక్కడ, అదీ తెలుగులో చెబితే ఎవరికి అర్థమైందండీ?"

"నీకు అర్థమైందిగా!"

"నరసాపురంలో చెప్పండి."

ఆవిడ మొహం సరస్సు వైపు తిప్పుకున్నారు. ఊళ్లో ఎన్నడూ చెప్పలేదు. నేను వేరుపడి, ఆవిడకి ఎదురుగానే కొట్టు పెట్టాను.

కిందటేడు ఆవిడ పోయారు. అల్లికను ముందు వెనక్కి తిప్పి చూడటం ఆవిడ అలవాటు. ఇప్పుడు నాదీ అదే. ముడి వదులైతే నా దగ్గర అల్లే పిల్లల్ని ఆవిడ తిట్లే తిట్టి మొత్తం విప్పిస్తాను. కొనేవాళ్లు వస్తే మాత్రం అల్లిన పిల్ల పేరు చెబుతాను, వీధి అవతలికి వినబడేంత గట్టిగా. అవతల కొట్టుకి తాళం వేసి ఉందని తెలుసు. అయినా గొంతు తగ్గించను.