‘రంది’ అని రాసిన మా సువార్త

నిన్న పొద్దున ఫోన్ మోగితే, ఎన్నడూ లేనిది, భయపడకుండా ఎత్తాను.

అవతల సువార్త తమ్ముడు. "పెద్దమ్మా, అక్క లేదు" అన్నాడు.

"ఏడికి పోయింది?" అని అడిగాను. జోగిపేటలో అమ్మగారింట్లో ఉంది కదా, బస్సెక్కిందేమో అనుకున్నాను.

పిల్లగాడు ఏడ్చాడు. అప్పుడు అర్థమైంది.

గుండె ఆగిపోయిందట. నలభై కూడా నిండలేదు.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. సువార్త ఇస్నాపూర్‌లో మా ఇంటి పై గదిలో ఆరేళ్లు కిరాయికి ఉంది. దుకాణాలకు, స్కూళ్లకు వెబ్‌సైట్లు చేసేది. ఒక్కరోజు కూడా ఓనర్ ఆంటీ అనలేదు. పెద్దమ్మా అనే పిలిచింది.

నా సంగతి మీ అందరికీ ఎరుకే. గ్యాస్ బంద్ చేశానో లేదో అని సంగారెడ్డి దాకా పోయి, పెళ్లి చూడకుండానే తిరిగొచ్చిన మనిషిని.

మా ఆయన పోయాక ఇంట్లో నేను, నా కొడుకు రాజు. వాడిది కెమికల్ కంపెనీలో పని. లోపలికి ఫోన్ పట్టుకుపోనివ్వరు. అందుకని గేటు దగ్గర సెక్యూరిటీకి ఫోన్ చేసేదాన్ని. షిఫ్టుకు నాలుగైదు సార్లు.

పాపం, బిహార్ నుంచి వచ్చిన ముసలాయన. "మాతాజీ, బేటా ఠీక్ హై. ఖానా ఖా రహా హై" అనేవాడు. ఏం కూర తింటున్నాడని కూడా అడిగేదాన్ని.

ఒకరోజు సూపర్‌వైజర్ అందరి ముందు దీని మీద జోకు వేశాడట. రాజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మా, ఇంకొక్కసారి గేటుకు ఫోన్ జేస్తే నేను రూమ్ తీస్కొని పోత. ఒట్టు."

వాడు ఊరికే ఒట్టు పెట్టే రకం కాదు. పోతానంటే పోతాడు.

అది తెలిసి కూడా మర్నాడు మధ్యాహ్నం నా చేయి మళ్లీ ఫోన్ మీదికే పోయింది.

సరిగ్గా అప్పుడే సువార్త తన ఫోన్ పట్టుకుని మెట్లు దిగింది. పటాన్‌చెరులో కౌన్సిలింగ్ చేసే ఒక మేడం కోసం హోమ్ పేజీ చేస్తోంది.

"పెద్దమ్మా, జెర గిది సూడు. నీ అసొంటోళ్ల కోసమే."

"నా అసొంటోళ్లంటే ఎవరే?"

"భయపడేటోళ్లు. నీకంటే ఎక్వ భయపడేటోళ్లు ఈ జిల్లాల ఇంకెవరున్నరు?"

చూశాను. పైన ఒక పిల్ల బొమ్మ. చీకట్లో తల పట్టుకుని కూర్చుంది. కింద పెద్ద అక్షరాలతో ‘మానసిక రుగ్మతలకు సమగ్ర చికిత్స’ అని ఉంది.

"అమ్మో, ఈ పిల్ల ఇంట్ల ఎవరు పోయిండ్రు?"

సువార్త నవ్వలేదు. ఆ బొమ్మ అక్కడికక్కడే తీసేసింది.

ఇంకా అడిగింది. నేను నా భయాలన్నీ చెప్పాను. మేడం గదికి పైకి మెట్లెన్ని? నేను ఎక్కుతుంటే ఎవరన్నా చూస్తే పిచ్చిదనుకోరా? పేరు రాసుకుని ఊరంతా చెబుతారా? ఒక్కటి కూడా కొట్టిపారేయలేదు. అన్నీ రాసుకుంది.

తర్వాత పేజీ కింద ఒక పచ్చ బటన్ చూపించి, "ఏం రాసుందో సదువు" అంది.

కూడబలుక్కుని చదివాను. ‘మాట్లాడండి.’

మాట్లాడమన్నారు కదా అని నేను మాట్లాడాను.

బటన్ మీద బొటనవేలు ఆనించి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని, "అమ్మా, నా పేరు నర్సమ్మ. నాకు రోగమేం లేదు. రంది, ఒకటే దిగులు. నా కొడుకు పన్లకు పోయిండంటే మల్ల ఇంటికొచ్చేదాంక నాకు ముద్ద దిగది. వాడేమో ఇల్లిడిసి పోతనంటుండు. నేనేం జెయ్యాలె బిడ్డా?" అన్నాను.

అలా ఎంతసేపు చెప్పానో తెలియదు. ఆయన పోయిన రోజు సంగతి కూడా చెప్పాను. అది ఎవరికీ చెప్పలేదు.

సువార్త మధ్యలో ఆపలేదు. అంతా అయ్యాక నా పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, అది ఉత్త బొమ్మ బటనే. ఇంకా ఫోన్ కలపలే."

సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఇంతసేపు ఎవలు ఇన్నరే?"

"నేనిన్న. ఇగ మేడంకు చెప్తువు రా."

మర్నాడు తనే ఆటోలో తీసుకుపోయింది. నేను లోపల ఉన్న గంటసేపూ బయట కుర్చీలోనే కూర్చుంది.

ఒక్క రోజులో ఏమీ కాలేదు. మేడం దగ్గరికి చానా సార్లు పోయాను. గేటుకు చేసే ఫోన్లు మూడయ్యాయి, ఒకటైంది, తర్వాత లేవు. ఆ ముసలాయనే ఒకసారి రాజును అడిగాడట, మాతాజీ బాగానే ఉందా అని.

ఆ పేజీ ఇప్పుడు తెరిచి చూడండి. పైన మేడం నవ్వుతున్న ఫోటో. దాని పక్కన ‘రోగం కాకపోవచ్చు. రంది కావచ్చు. వచ్చి కూర్చోండి’ అని ఉంటుంది. కింద ‘పన్నెండు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉంది. మీ పేరు ఎవరికీ చెప్పం.’ పచ్చ బటన్ మీద ‘నొక్కితే ఫోన్ కలుస్తుంది, మేడం ఎత్తుతారు.’

చదువుకున్న వాళ్లు రాసే మాటలు కావివి. నా మాటలు. వాటిని తప్పని దిద్దకుండా అక్కడ పెట్టింది. ఆ ‘రంది’ మాట చూసే చానా మంది ఆడవాళ్లు ఫోన్ చేస్తున్నారని మేడం అంటారు.

ఈ రోజు పొద్దున జోగిపేటలో మట్టి చేసి వచ్చాం. రాజు బండి మీద తీసుకుపోయాడు. తిరిగి వస్తూ దారి మధ్యలో బండి ఆపాడు. వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అక్క ఆ దినం నిన్ను తీస్కపోకపోతే, నేను పోయేటోన్నే అమ్మా. రూమ్ గూడ సూస్కున్న."

నాకు ఇన్నాళ్లూ ఆ సంగతి తెలియదు.

నా కొడుకును నా ఇంట్లో నిలబెట్టిపోయావు బిడ్డా. నీకు థాంక్స్ కూడా సరిగ్గా చెప్పలేదు.

పోయిరా సువార్తా. నువ్వు నమ్మిన ప్రభువు దగ్గర నీ ప్రాణం సల్లగా ఉండాలి.